డిప్లొమా అయ్యి ప్లాంట్‌లో చేరాను, కుదురుకోలేకపోతున్నా, మానేయనా?

తమ్ముడూ, భీమవరం వైపు రొయ్యల ప్లాంట్‌లో ట్రైనీగా చేరానని, ఎవరూ ఏమీ నేర్పట్లేదని, కాలేజీయే నయమనిపిస్తుందని రాశావు కదా. మాది పాలకొల్లు దగ్గర, నేనూ ఇలాంటి ప్లాంట్‌లోనే క్వాలిటీలో మొదలెట్టా.

కాలేజీలో ఎన్ని తిట్లు తిన్నా సిలబస్ అనేది ఒకటి ఉంటది, మార్కులొస్తాయి, మనం ఎక్కడున్నామో తెలుస్తది. ఇక్కడ అదేం ఉండదు. రాత్రి చెరువులో రొయ్యల పట్టుబడి అయితే తెల్లారగట్ల లోడొస్తది, సూపర్‌వైజర్‌కి నీ మొహం చూసే తీరిక ఉండదు, బాగా చేశావని ఎవరూ అనరు, ఏదన్నా తేడా వస్తే మాత్రం షెడ్డంతా వినపడేలా అరుస్తారు. నాకు పనికన్నా దీంతోనే తిక్కెక్కేది.

నిజానికి నాకు పని నేర్పింది గ్రేడింగ్ టేబుల్ దగ్గర అక్కలు. చెరువు గట్టు మీద కౌంటంటే కేజీకి ఎన్ని రొయ్యలనే కదా, అదే తల తీసి ఎక్స్‌పోర్ట్ ప్యాకింగ్‌కొచ్చేసరికి 21/25, 26/30 అంటారు, అది పౌండు లెక్క, అంటే పౌండుకి 21 నుంచి 25 రొయ్యలని. చెరువులున్న ఊళ్ళో పుట్టి కూడా నాకీ సంగతి తెలీదు, ఆ అక్కల్లో ఒకావిడ నవ్వుకుంటూ చెప్పింది. వాళ్ళు చేత్తో పట్టుకుని సైజులు విడదీస్తుంటే నేను పక్కన తూకం వేసి చూసుకునేవాణ్ణి, చాలావరకు కరెక్టే ఉండేది! కాబట్టి డిప్లొమా బిల్డప్ కాసేపు పక్కన పెట్టి టీ టైములో వాళ్ళ దగ్గర కూర్చో. డౌట్లు ఫోన్లో రాసుకో, లోడు దిగుతున్నప్పుడు కాకుండా షిఫ్ట్ అయ్యాక అడుగు, అప్పుడైతే సీనియర్లు కూడా విసుక్కోరు.

ఇంకోటి, ఫ్రీజర్‌లోంచి వచ్చిన సరుకు లోపలి టెంపరేచర్ మైనస్ 18 ఉండాలి కదా, చూడకుండా రికార్డులో నిన్నటి అంకె వేసెయ్ అని ఎవరన్నా అంటే వెయ్యకు, కింద సంతకం నీది.

డిప్లొమా వాళ్ళ ఎంట్రన్స్ ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్ళాలని ముందునుంచీ ఉంటే వెళ్ళు, నేను ఆపను. ఇక్కడి అరుపులు పడలేకే అయితే మాత్రం కొన్ని నెలలు ఆగమంటా, ఒక సీజన్ నడిచాక నీకే పని చేతికొస్తది.

ఈలోగా జాయినింగ్ లెటర్ తీసి చదువు. అప్రెంటిస్ చట్టం కింద తీసుకుంటే వచ్చేది స్టైపెండ్, పీఎఫ్ ఉండదు. మామూలు ఉద్యోగమై పీఎఫ్ కడుతుంటే బేసిక్, డీఏ మీద నీ వాటా 12 శాతం, ఈఎస్ఐ ఉంటే 0.75 శాతం కట్ అవుతాయి. స్లిప్‌లో కటింగ్ కనపడుతుంటే యూఏఎన్ (నీ పీఎఫ్‌కి ఉండే నంబర్) అడిగి యాక్టివేట్ చేసుకో, రేపు వేరే ప్లాంట్‌కెళ్ళినా అదే నంబర్.