14 లక్షలిచ్చి కెనడా ఫారం ఉద్యోగానికి రావచ్చా?

తమ్ముడూ, నీ ఉత్తరం నిదానంగా చదివాను. కెనడాలో పుట్టగొడుగుల ఫారంలో ఉద్యోగం, ఏజెంటుకి 14 లక్షలు, సగం ఇప్పుడు సగం వీసా వచ్చాక, నాన్నగారు అరెకరం అమ్మి ఇస్తానంటున్నారు, ఏడాది పనిచేస్తే పీఆర్ (కెనడాలో శాశ్వతంగా ఉండే హక్కు) గ్యారంటీ అట, నిజమేనా అని అడిగావు. పీఆర్ గురించి రెండు పేజీలు రాశావు. 14 లక్షల గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నేను బయల్దేరేటప్పుడు నా తలలోనూ డబ్బుకి అంతే చోటుండేది. అందుకే ముందు దాని సంగతే చెబుతాను.

నేను ఆల్బర్టాలో ఒక మాంసం ప్లాంటుకి వచ్చాను. నూటికి మూడు రూపాయల వడ్డీకి 12 లక్షలు నోటు రాసి తెచ్చి ఏజెంటు చేతిలో పోశాను. గంటకి ఇన్ని డాలర్లు, వారానికి ఇన్ని గంటలు, దాన్ని రూపాయల్లోకి మారిస్తే ఇంత, ఏడాది తిరిగేసరికి బాకీ మొత్తం తీరిపోతుందని కాగితం మీద లెక్కేసి ఇంట్లో అందరికీ చూపించాను. ఆ కాగితంలో ఆదాయపు పన్ను లేదు, పింఛను కోసం జీతంలోంచి కోసే సీపీపీ లేదు, నిరుద్యోగ బీమా కోసం కోసే ఈఐ లేదు. అద్దె లేదు. చలికోటు, బూట్లు లేవు. బస్సులు లేని ఊళ్లో ప్లాంటుకి కారులో తీసుకెళ్లేవాడికి ప్రతివారం ఇచ్చే డబ్బు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వడ్డీ లేదు. 12 లక్షలకి నెలకి 36,000. డాలరు 60 రూపాయలనుకున్నా 600 డాలర్లు. అది పంపాక కూడా అసలు 12 లక్షలూ అలాగే ఉంటుంది.

పైగా మిగిలిన నాలుగు డాలర్లూ అసలుకి కట్టలేదు. కెనడా వెళ్లినవాడు పంపలేదా అంటారని ఇంటికి స్లాబు వేయించాను, చుట్టాల పెళ్లిళ్లకి చదివింపులు పంపాను. ఊళ్లో నా పేరు బాగానే నిలబడింది. వడ్డీ వ్యాపారి పుస్తకంలో మాత్రం ఏమీ మారలేదు.

అప్పుంటే పీఆర్ దారి ఎలా మూసుకుపోతుందో ఎవరూ చెప్పరు, నేను చెబుతాను విను. ఓవర్‌టైమ్ ఉందంటే చాలు, నేను ముందుండేవాణ్ణి. దాంతో పీఆర్‌కి కావాల్సిన ఇంగ్లీషు పరీక్షకి కూర్చోవడానికి తీరికే దొరకలేదు. అదేమంత పెద్ద పరీక్షా కాదు. కెనడా వాళ్ల భాషా కొలమానం సీఎల్‌బీలో 4వ స్థాయి చాలు. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో వినడం 4.5, చదవడం 3.5, రాయడం 4, మాట్లాడడం 4. డిగ్రీ చదివినవాడికి కష్టం కాదు. కానీ శనివారం షిఫ్టు వదులుకుంటే వడ్డీ డబ్బు తగ్గుతుందని వాయిదా వేస్తూ పోయాను. రోజంతా కత్తి పట్టి ఎముక నుంచి మాంసం తీసే పని వల్ల కుడిచేయి మొద్దుబారింది. చెబితే తేలిక పనిలో వేస్తారు, ఓవర్‌టైమ్ పోతుంది, అసలు పనిలోంచే తీసేస్తే పర్మిట్ మీద ఉన్నది ఆ ఒక్క యజమాని పేరే కదా అని దాచాను. పనిలో దెబ్బ తగిలినవాళ్లకి డబ్ల్యూసీబీ అనే బీమా ఉంటుంది, దానికి డబ్బు కట్టేది యజమానే. ఆ సంగతి తెలిసీ నోరు మెదపలేదు. ఆ చేయి ఇప్పటికీ చలికాలంలో నొప్పి పెడుతుంది.

చివరికి పరీక్ష రాశాను. ఫారాల్లో, మాంసం ప్లాంటుల్లో పనిచేసేవాళ్లకి పీఆర్ ఇవ్వడానికి 2020 మే నెలలో మొదలైన అగ్రి ఫుడ్ పైలట్ అనే తాత్కాలిక పథకం కింద దరఖాస్తు పెట్టి పీఆర్ తెచ్చుకున్నాను, కుటుంబాన్ని పిలిపించుకున్నాను, ఇవాళ ఈ ఊళ్లో సొంత ఇంట్లో ఉన్నాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. నా వెనక వచ్చిన ఒకబ్బాయి మాత్రం నాలాగే అప్పు కోసం పరుగెత్తి ఆలస్యం చేశాడు. 2025 ఫిబ్రవరిలోనే ఆ ఏటి కోటా నిండిపోయింది, మే నెలలో పైలట్టే ముగిసిపోయింది. కాగితాలన్నీ సిద్ధం చేసుకునేసరికి వాడికి పెట్టుకోవడానికి పథకం లేదు. మీ ఏజెంటు ‘ఏడాది చేస్తే పీఆర్’ అంటున్నది ఆ మూతపడిన పథకాన్ని చూపించే అని నా నమ్మకం. తేదీలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి, నువ్వే చూసుకో. మీ వయసు పిల్లలు వీడియోలు ఎన్నైనా చూస్తారు గానీ ఆ పేజీ తెరవరు.

మరి ఇప్పుడు దారులు లేవా? ఉన్నాయి. అట్లాంటిక్ రాష్ట్రాల పథకం ఉంది. బ్రాండన్, స్టైన్‌బాక్, మూస్ జా, క్లేర్స్‌హోమ్ లాంటి చిన్న ఊళ్ల కోసం 2025లో వచ్చిన రూరల్ కమ్యూనిటీ పైలట్ ఉంది. రాష్ట్రమే మనిషిని ఎంచి పీఆర్‌కి సిఫారసు చేసే నామినీ పథకాలున్నాయి. ఏది నీకు పనికొస్తుందనేది నీ ఆఫర్ లెటర్‌లోని ఎన్ఓసీ కోడ్, అంటే ఏ రకం ఉద్యోగమో చెప్పే ప్రభుత్వ నంబరు మీద ఉంటుంది. కావాల్సిన చదువు, అనుభవాన్ని బట్టి ఉద్యోగాలని టీర్ 0 నుంచి 5 దాకా మెట్లుగా పెట్టారు, 5 అన్నిటికన్నా కిందిది. పంట కోత పని, ఫుడ్ ప్రాసెసింగ్ లేబర్ పని టీర్ 5లోకి వస్తాయి. ప్లాంటులో కత్తి పని, పశువుల దగ్గర అనుభవం కావాల్సిన పని టీర్ 4. అట్లాంటిక్ పథకం టీర్ 4 దాకానే తీసుకుంటుంది, రూరల్ పైలట్ 5ని కూడా తీసుకుంటుంది. సీజనల్ వర్కర్ల పథకం గురించి ఎవరైనా చెబితే వదిలేయ్, అది మెక్సికో, కరీబియన్ దేశాల వాళ్లకే. విజిటర్ వీసా మీద రా, ఇక్కడికొచ్చాక వర్క్ పర్మిట్‌కి మార్చేస్తామంటే అసలు నమ్మకు. ఆ సదుపాయం 2024 ఆగస్టు 28తో ఆగిపోయింది.

ఇంకో డబ్బు సంగతి. మీ ఆవిడ కూడా వచ్చి పనిచేస్తే ఇద్దరి జీతంతో అప్పు త్వరగా తీరుతుందని రాశావు. 2025 జనవరి 21 నుంచి భార్యకో భర్తకో ఎవరి దగ్గరైనా పనిచేసుకోనిచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్ కావాలంటే మనం టీర్ 0, 1లోనో, ఎంపిక చేసిన కొన్ని 2, 3 ఉద్యోగాల్లోనో ఉండాలి. నీ ఉద్యోగం 4 లేదా 5. కాబట్టి ఒక్క జీతంతోనే లెక్క వేసుకో.

ఆ 14 లక్షలు దేనికని ఏజెంటుని అడిగావా? విదేశీ పనివాణ్ణి పెట్టుకోవడానికి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఎల్ఎంఐఏ అనే అనుమతి యజమాని తెచ్చుకోవాల్సింది. దాని ఖర్చుగానీ, మనిషిని వెతికిన ఖర్చుగానీ పనివాడి దగ్గర వసూలు చేయకూడదని ఇక్కడి నిబంధన. వ్యవసాయ విభాగం కింద వస్తే రానుపోను చార్జీలు యజమానివే. వసతి కూడా ఆయనే చూపించాలి, దానికి జీతంలోంచి కోసుకునేది వారానికి 30 డాలర్లు మించకూడదు. మన దేశంలో లైసెన్సున్న ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ. లైసెన్సు ఉందో లేదో మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. నువ్వు న్యాయంగా పెట్టుకోవాల్సినవి వర్క్ పర్మిట్‌కి 155 డాలర్లు, వేలిముద్రలకి 85, మెడికల్, పోలీసు సర్టిఫికెట్. ఇవన్నీ కలిపినా లక్షల్లోకి పోదు. అంటే ఆ 14 లక్షలు ఉద్యోగం అమ్మినందుకు. అలా ఉద్యోగం అమ్మినవాడు రేపు జీతంలోంచి కూడా వెనక్కి అడుగుతాడు. నీకు ఫారం పనిలో అనుభవముందని దొంగ సర్టిఫికెట్ కూడా వాడే పుట్టిస్తాడు. అది బయటపడితే అయిదేళ్లు కెనడా మొహం చూడలేవు, డబ్బూ తిరిగి రాదు.

కాబట్టి నాన్నగారికి చెప్పు, అమ్మకం మాట పక్కన పెట్టమని. కెనడా ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల వెబ్‌సైటు జాబ్ బ్యాంక్‌లో ఫారాలు, ప్లాంటులు నేరుగా ప్రకటనలిస్తాయి, వాటికి నువ్వే రాయి. ఆలస్యమవుతుంది. జవాబు రాని ఉత్తరాలే ఎక్కువ ఉంటాయి. ఈలోపు ఆ ఇంగ్లీషు పరీక్ష ఇంటి దగ్గరే తయారవు, ఇక్కడికొచ్చాక తీరిక ఉండదు. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి ఆఫర్ చేతికొచ్చే సమయానికి రాసేలా చూసుకో.

వచ్చాక ప్రతి పే స్టబ్ (జీతం చీటీ) దాచిపెట్టు. పీఆర్‌కి కావాల్సిన 1,560 గంటల అనుభవం చూపించాల్సింది వాటితోనే. యజమాని వేధించినా, జీతం ఎగ్గొట్టినా నాలా నోరు మూసుకుని ఉండొద్దు, అలాంటివాళ్లకి వేరే యజమాని దగ్గర చేరడానికి ఓపెన్ పర్మిట్ ఇస్తారు. మొదటి జీతం నుంచే పీఆర్ ఫీజు కోసం వేరే ఖాతా తెరువు. 2024 ఏప్రిల్ చివర పెరిగిన రేటు ప్రకారం నీకు 1,525 డాలర్లు, మీ ఆవిడకి 1,525, పాపకి 260, మొత్తం 3,310. రేటు మారిందేమో కట్టేముందు చూసుకో. ఆ ఖాతా సంగతి మీ ఆవిడకి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పకు. చెబితే నెలకో అవసరం వస్తుంది, నువ్వు కాదనలేవు.