కుడి నాళం ఎడమ నుంచి మొదలైతే...

ప్రశ్న: నాన్నగారికి 58 ఏళ్లు. గుండెపోటు వస్తే స్టెంటు వేశారు. కుడి రక్తనాళం పుట్టుకతోనే తప్పుచోట ఉందని, అందుకే ఆలస్యమైందని అన్నారు. మళ్లీ ఆపరేషన్ కావాలా?

జవాబు: బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం) మొదట్లో ఉండే కుడి గూటి (ఉబ్బు) నుంచి మొదలవ్వాల్సిన నాళం ఎడమ గూటి నుంచి వస్తే, రోజూ వాడే జడ్కిన్స్ రైట్ కాథెటర్‌కు (నాళంలోకి పంపే వంపు తిరిగిన సన్నటి గొట్టానికి) దాని నోరు దొరకదు. నాళం మొదట్లోనే పూడిందేమోనని పొరబడే ప్రమాదమూ ఉంది. అప్పుడు బృహద్ధమని మొదట్లో డై (ఎక్స్‌రేలో నాళాలు కనిపించేలా చేసే మందు) కొట్టి, నోరు ఎక్కడుందో చూసి, వేరే వంపున్న గొట్టాలైన ఆంప్లాట్జ్ లెఫ్ట్‌తోనో, ఓ సైజు పెద్ద జడ్కిన్స్ లెఫ్ట్‌తోనో ప్రయత్నిస్తారు. డై ఎక్కువే పడుతుంది, అది కిడ్నీలపై భారం కావచ్చు కాబట్టి స్టెంటు వేసిన 48-72 గంటల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి.

ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. సీటీ యాంజియోగ్రామ్‌లో నాళం బృహద్ధమనికీ పుపుస ధమనికీ (ఊపిరితిత్తులకు వెళ్లే నాళానికీ) మధ్య నుంచి వెళ్తోందని తేలి, శ్రమపడితే గుండెకు రక్తం చాలట్లేదని పరీక్షల్లో కనిపిస్తేనే ఆ ఆలోచన. యాంజియో సీడీ పారేయకండి, మరోసారి అవసరమైతే అదే దారి చూపుతుంది.