వదిలిన పండుగప్ప బతుకుతుందా?

అమెరికాలో బాస్ చేపలను గాలంతో పట్టి తిరిగి నీళ్లలో వదిలే వీడియోలు చూసి, మీరు కూడా కృష్ణపట్నం వైపు ఉప్పుటేరులో పండుగప్పలను (ఇంగ్లీషులో ఏషియన్ సీ బాస్, బారమండి అనే చేపలను) పట్టి వదులుతున్నానని రాశారు. చేతిలోంచి జారగానే అవి తోక ఆడించి లోపలికి వెళ్లిపోతున్నాయి కాబట్టి బతికినట్టే కదా అన్నది మీ ప్రశ్న. నేను కూడా అదే ఏటి గట్టున పదేళ్లుగా గాలం వేస్తున్నాను. చాలా చేపలు బతికే మాట నిజమే కానీ, ఈదుకుంటూ వెళ్లడం బతికిందనడానికి రుజువు కాదు. గాలానికి చిక్కిన చేప కొన్ని గంటల తరువాత, ఒక్కోసారి రెండు మూడు రోజుల తరువాత, మనకు కనిపించని చోట చనిపోతుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల కంటే ముందు ముత్తుకూరు దగ్గర మా బావగారి రొయ్యల గుంటలో తెలిసింది. ఆయన ఒక పంట రొయ్యలు మానేసి పండుగప్ప పెంచారు. ఒక వేసవి సాయంత్రం నేను అందులో ఆరు చేపలను గాలంతో పట్టి, చెరువులోకి వదలకుండా పక్కనే నీటిలో పెట్టెలా కట్టిన హాపా వలలో వేశాను. వేసిన వెంటనే ఆరూ చురుగ్గా అడుగుకు దిగిపోయాయి. తెల్లవారి చూస్తే రెండు తేలి ఉన్నాయి. ఒకటి ఎందుకు చనిపోయిందో నాకు తెలుసు. అది గాలాన్ని గొంతులోకి మింగితే నేను బలవంతంగా లాగాను. రెండోదాని ఒంటి మీద గాయమేమీ లేదు. దాన్ని ఫోటోల కోసం ఎత్తి పట్టుకున్నాను, అది జారి గట్టు మీది ఎండుమట్టిలో పొర్లింది, మళ్లీ ఎత్తి మళ్లీ ఫోటో తీశాం. ఆరు చేపలతో శాస్త్రం తేలదని నాకూ తెలుసు, అయినా ఆ రెండో చేప నా అలవాట్లు మార్చింది.

గాలానికి చిక్కిన చేప చేసే పెనుగులాట మనం ఊపిరి బిగబట్టి పరుగెత్తడం లాంటిది: కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, రక్తం ఆమ్లగుణానికి మారుతుంది, సరిగ్గా ఆక్సిజన్ అత్యవసరమైన ఆ క్షణంలోనే మనం దాన్ని నీటిలోంచి బయటికి తీస్తాం. నీటిలో విడివిడిగా తేలే మొప్పల పొరలు గాలిలోకి రాగానే ఒకదానికొకటి అతుక్కుపోయి పని మానేస్తాయి. రెయిన్‌బో ట్రౌట్ చేపల మీద 1992లో వెలువడిన ఒక కెనడా పరిశోధనలో, బాగా అలసిపోయిన చేపలను గాలిలోకి తీయకుండా ఉంచితే నూటికి 12 చనిపోగా, 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 38, 60 సెకన్లు ఉంచినవాటిలో 72 చనిపోయాయి. ట్రౌట్ చల్లనీటి చేప, సున్నితమైనది. ఆ అంకెలను పండుగప్పకు యథాతథంగా అన్వయించకూడదు. కానీ ఒక ఫోటోకు అర నిమిషం ఎంత తేలికగా గడిచిపోతుందో మీకూ తెలుసు. కొరమీను గంటల తరబడి బయట బతుకుతుంది కదా అని కొందరు వాదిస్తారు. కొరమీనుకు గాలిని నేరుగా పీల్చుకునే అదనపు అవయవం ఉంది, పండుగప్పకు లేదు.

నా ఉద్దేశంలో మన నెల్లూరు జిల్లాలో అసలు శత్రువు వేడి. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది, ఉప్పునీటిలో ఇంకా తగ్గుతుంది. పైగా నీరు వేడెక్కేకొద్దీ చేపకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. అమెరికా బాస్ పోటీల్లో చేపలను గాలి పంపే తొట్లలో ఉంచి, తూకం వేసి వదిలినా, ఎండాకాలంలో మరణాలు ఎక్కువ కావడానికి ఇదే ప్రధాన కారణం. మరి చల్లగా ఉంటుందని తెల్లవారుజామున పోతే? ఏటిలో అయితే మంచిదే, పోటు వస్తున్న వేళ అయితే మరీ మంచిది. కానీ ఆకుపచ్చగా మారిన గుంటలో తెల్లవారుజామునే ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, ఎందుకంటే రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఎందుకు తిప్పుతారో ఏ రొయ్యల రైతును అడిగినా చెబుతాడు.

గాలం విషయానికి వస్తే, బతికున్న రొయ్యను ఎరగా వేస్తే చేప లోతుగా మింగే ప్రమాదం కృత్రిమ ఎర కంటే ఎక్కువ. అందుకే నేను మూడు కొక్కేల గాలాలు తీసేసి ఒంటి గాలం వాడుతున్నాను. మొన వెనుక ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేస్తాను. దానివల్ల కొన్ని చేపలు తప్పించుకుంటాయి, ఎలాగూ వదిలేవే కాబట్టి బాధ లేదు. గొంతులో దిగిన గాలాన్ని లాగకుండా దారాన్ని నోటి దగ్గరే కత్తిరించి వదిలితే చేప బతికే అవకాశం మెరుగ్గా ఉంటుంది. దారం కూడా సన్ననిది వద్దు. చేప పెద్దదైతే సన్నని దారంతో అరగంట ఆడించడం నైపుణ్యంగా కనిపిస్తుంది గానీ దాని ప్రాణం మీదికి తెస్తుంది.

చేతులు తడిపి పట్టుకోండి. ఒంటి మీది జిగురు పోతే రోగాలకు దారి తెరిచినట్టే. పండుగప్ప మొప్పమూత అంచు బ్లేడులా కోస్తుంది కాబట్టి అక్కడ వేలు పెట్టవద్దు, కింది పెదవి పట్టుకుని రెండో చేత్తో పొట్ట కింద ఆసరా ఇవ్వండి. పెద్ద చేపను దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీయకండి. వదిలేటప్పుడు ముందుకూ వెనక్కూ ఊపే అలవాటు కూడా అనవసరం. ప్రవాహానికి ఎదురుగా, పొట్ట కిందికి ఉండేలా నీటిలో పట్టుకుంటే నోట్లోంచి నీరు తనంతట తానే మొప్పల మీదుగా పోతుంది, ఓపిక వచ్చాక అదే విదిలించుకుంటుంది.

లోతు నుంచి లాగిన బాస్‌కు గాలితిత్తి (తేలడానికి ఒంట్లో ఉండే గాలి సంచి) ఉబ్బి చేప వెల్లకిలా తిరగబడుతుందని మీరు చదివిన మాట నిజమే, కానీ మన ఏరు అంత లోతు లేదు. సోమశిలలోనో కండలేరు జలాశయంలోనో పడే బొచ్చె, శీలావతి చేపలకు ఆ తిత్తి నుంచి అన్నవాహికకు గొట్టం ఉంటుంది కాబట్టి అవి ఆ గాలిని నోటి ద్వారా వదిలేయగలవు.

పెద్ద పండుగప్పను వదలడంలో ప్రత్యేకమైన అర్థం ఉంది. ఈ చేప మొదట మగదిగా ఎదిగి, కొన్నేళ్ల తరువాత ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్దవన్నీ దాదాపుగా గుడ్లు పెట్టేవే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల కంటే చిన్నవాటినీ, 120 కంటే పెద్దవాటినీ ఉంచుకోకూడదని నియమం పెట్టారు. మన దగ్గర మాత్రం పులుసు ముక్కల లెక్కే నడుస్తుంది. నేను చేపను వదలడం చూసి ఒక పెద్దాయన, “అబ్బయ్యా, తినేదానికి కాకపోతే దాన్ని ఏడిపించేదెందుకు?” అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి సమాధానం లేదు.

మే నెల మధ్యాహ్నాల్లో మాత్రం వదిలే ఉద్దేశంతో గాలం వేయడం మానేశాను. మొప్పల్లోంచి ధారగా రక్తం కారుతున్న చేప ఎలాగూ దక్కదు. తినదగిన సైజుదైతే దాన్ని ఇంటికి తెచ్చి, ఆ రోజుకు గాలం కట్టేస్తాను.