రూతు మారింది అత్త కోసమా, దేవుడి కోసమా?

మీరు అడిగినవి రెండు. "నీ దేవుడే నా దేవుడు" అని రూతు అన్నది నిజంగా నమ్మకంతోనా, అత్తని వదల్లేకా? ఎవరినీ తమ మతంలోకి పిలవని యూదులు ఈ పరాయి కోడలి కథని ఏటా షవుఓత్ పండగపూట ఎందుకు చదువుతారు?

నేను పండితురాల్ని కాను. కోనసీమలో చర్చికి వెళ్తూ పెరిగాను, తర్వాత కొన్నేళ్ళు ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళని చూసుకునే పని చేశాను. మన గోదావరి జిల్లాలవాళ్ళు, నిజామాబాద్, జగిత్యాల వైపువాళ్ళు అక్కడ చాలామంది ఇదే పనిలో ఉన్నారు. నేను చూసుకున్న పెద్దావిడ రిటైరైన టీచరు, బళ్ళో పిల్లలకి బైబిలు పాఠాలే చెప్పేది. కాళ్ళు సహకరించకపోయినా జ్ఞాపకశక్తి మాత్రం అమోఘం. అందరూ సవ్తా, అంటే మామ్మ అని పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఈ జవాబులో సగం ఆవిడ చెప్పినదే.

కథ తెలియనివాళ్ళకి క్లుప్తంగా. బేత్లెహేములో కరువొస్తే ఎలీమెలెకు, నయోమి ఇద్దరు కొడుకుల్ని తీసుకుని మోయాబు దేశం వెళ్ళారు. అక్కడ ఆయన పోయాడు. కొడుకులు మోయాబు పిల్లల్నే చేసుకుని, వాళ్ళూ పోయారు. నయోమి ఒట్టి చేతుల్తో తిరుగుముఖం పట్టింది. వెళ్ళిపొమ్మని ఆమె పదేపదే బలవంతపెట్టాక ఒక కోడలు ఓర్పా ఏడ్చి వెనక్కి వెళ్ళింది, రెండో కోడలు రూతు వెళ్ళనంది. బేత్లెహేములో పొలంలో పరిగె ఏరి అత్తని పోషించింది, ఆ పొలం యజమాని బోయజు ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ మునిమనవడే దావీదు రాజు.

మీ మొదటి ప్రశ్నకి సవ్తా ఒక్క ముక్కలో జవాబు చెప్పేది: ముందు ఏ మాట ఉందో చూడు. రూతు "నీ జనమే నా జనము" అన్నాక "నీ దేవుడే నా దేవుడు" అంది. యూదులకి ఈ రెండూ వేరు వేరు నిర్ణయాలు కావు. దేవుణ్ణి ఒప్పుకుని ఆ జనంతో నాకు సంబంధం లేదంటే వాళ్ళ లెక్కలో చేరినట్టు కాదు. కాబట్టి "అత్త కోసమా, దేవుడి కోసమా" అన్న ప్రశ్న మనకి తోచినంత సహజంగా వాళ్ళకి తోచదు. మనవైపు పెళ్ళి కార్డుల మీద "నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను" అని వేయించుకుంటారు కదా. ఆ మాట ఏ పెళ్ళాం ఏ మొగుడితోనూ అన్నది కాదు, ఒక విధవ కోడలు ఇంకో విధవ అత్తతో అన్నది. అది గుర్తుంటే కథ చాలా మారిపోతుంది.

ఇక మతం మారడం సంగతి. కథలో ఎక్కడా ఆచారం లేదు, పురోహితుడు లేడు, స్నానం లేదు. కానీ రబ్బీల (యూదు మతగురువుల) చర్చలున్న పెద్ద గ్రంథం తల్మూద్‌లో యెవామోత్ అనే భాగంలో రబ్బీలు ఆ దారిలో జరిగిన సంభాషణనే పట్టుకుని దాన్ని పూర్తి ఇంటర్వ్యూగా చదివారు. నయోమి అంటుంది, మాకు విశ్రాంతి దినాన ఇంత దూరం దాటి నడవకూడదని హద్దు ఉంది. రూతు అంటుంది, నువ్వు వెళ్ళే చోటికే వస్తాను. పరాయి మగాడితో ఒంటరిగా ఉండకూడదు. నువ్వు ఉండే చోటే ఉంటాను. మాకు 613 ఆజ్ఞలున్నాయి. నీ జనమే నా జనం. విగ్రహాలు కూడవు. నీ దేవుడే నా దేవుడు. ఇలా చావుదాకా, సమాధిదాకా వెళ్తుంది. రూతు చెప్పిన ఒక్కో ముక్కకీ వెనక నయోమి పెట్టిన ఒక కష్టమైన షరతు ఉందన్నమాట. చర్చిలో ఎన్నిసార్లో విన్న వచనం, ఇలా విన్నాక నాకు కొత్తగా అనిపించింది. అది ఆవేశంలో అన్న మాటలా కాక అన్నీ విని ఒప్పుకున్నట్టు ఉంటుంది.

నయోమి "తిరిగి వెళ్ళండి" అని మూడుసార్లు అంటుంది, మొదటి అధ్యాయంలో 8, 11, 12 వచనాలు చూడండి. అందుకే మతంలో చేరతానని వచ్చినవాళ్ళని మూడుసార్లు వెనక్కి పంపాలని, బైబిలుకి రబ్బీల వ్యాఖ్యానమైన మిద్రాష్‌లో ఉంది. అక్కడే ఇంకో రబ్బీ ఎడమచేత్తో తోయాలి, కుడిచేత్తో దగ్గరికి తీసుకోవాలి అంటాడు. తోసేది బలహీనమైన చెయ్యి, గమనించండి. తల్మూద్ చెప్పే పద్ధతి కూడా అదే తీరు. వచ్చినవాణ్ణి ముందు "ఈ జనం ఎన్ని బాధల్లో ఉందో నీకు తెలియదా, ఎందుకొచ్చావు?" అని అడగాలి. "తెలుసు, నేను దానికి తగను" అంటే ఇంక నాన్చకుండా చేర్చుకోవాలి. కొన్ని తేలిక ఆజ్ఞలు, కొన్ని కష్టమైన ఆజ్ఞలు చెప్పాలి, మరీ ఎక్కువ చెప్పి బెదరగొట్టకూడదు. రూతు పట్టుదల చూసి నయోమి నోరు మూసుకుందన్న 18వ వచనమే దీనికి ఆధారం.

ఆ కొత్తవాళ్ళకి మొదట చెప్పాల్సినవాటిలో ఏమున్నాయో తెలుసా? పొలంలో రాలిన కంకులు, మర్చిపోయిన పన, కోయకుండా వదిలే మూల, బీదలకి ఇచ్చే పదోవంతు. అంటే రూతు బతికింది దేనిమీదో అదే.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నాకు ఈ పుస్తకంలో బాగా నచ్చేది రెండో అధ్యాయం. మా ఊళ్ళో వరికోతలయ్యాక పరిగె ఏరుకోవడానికి వచ్చేవాళ్ళని చిన్నప్పుడు చూశాను. రైతు మంచివాడైతే ఊరుకునేవాడు, లేకపోతే అదిలించేవాడు. యూదుల ధర్మశాస్త్రంలో అది రైతు దయ కాదు, బీదవాడి హక్కు. కోసేవాడి చేతిలోంచి ఒకటో రెండో కంకులు జారితే అవి బీదవాళ్ళవి, మూడు కలిసి పడితే రైతువి అని, తల్మూద్ చర్చలకి మూలమైన మిష్నాలో లెక్క కూడా ఉంది. రూతులో బోయజుని ఆకట్టుకున్నది ఇదేనని తల్మూద్ అంటుంది: రెండు కంకులు పడితే ఏరుకుంది, మూడు పడితే ముట్టుకోలేదు. అందం చూసి కాదట! నిన్నమొన్న వచ్చిన మోయాబు పిల్ల తన హక్కు ఎంతవరకో అంతే తీసుకుంది.

బోయజేమో హక్కు దగ్గర ఆగలేదు. భోజనం వేళ పిలిచి కూర్చోబెట్టాడు, రొట్టె చిరకలో ముంచుకోమన్నాడు, పేలాలు తనే అందించాడు. పనివాళ్ళతో చాటుగా, పనల్లోంచి కావాలనే కొన్ని లాగి పడేయండి, ఆమెని ఏమీ అనకండి అని చెప్పాడు. ఆమె కడుపునిండా తిని, మిగిలిన పేలాలు సాయంత్రం ఇంటికి తెచ్చి అత్తకి పెట్టింది. ఈ చిన్న వివరం 14, 18 వచనాల్లో ఉంది, చాలామంది దాటేస్తారు. హెసెద్ అని వాళ్ళు పదేపదే అనేది దీన్నే. చట్టం అడిగినది చేసేశాక ఆపైన మనిషి కోసం చేసేది. రబ్బీ జేరా అనే ఆయన, ఈ పుస్తకంలో శుద్ధి అశుద్ధి నియమాలు లేవు, చేయొచ్చు చేయకూడదు అన్నవీ లేవు, మరెందుకు రాశారంటే హెసెద్ చేసేవాళ్ళకి ఎంత ప్రతిఫలం ఉందో చెప్పడానికే అన్నాడు. దానం బతికున్నవాళ్ళకే, హెసెద్ పోయినవాళ్ళకి కూడా అని తల్మూద్‌లో మరోచోట ఉంటుంది. నయోమి కోడళ్ళని పొగిడింది కూడా "చనిపోయినవాళ్ళ పట్లా నా పట్లా దయ చూపారు" అనే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ద్వితీయోపదేశకాండం 23లో మోయాబీయులు యెహోవా సమాజంలో చేరకూడదని నిషేధం ఉంది. కారణం కూడా అక్కడే ఉంది: ఐగుప్తు నుంచి వస్తున్నప్పుడు వాళ్ళు అన్నపానాలతో ఎదురు రాలేదు, పైగా శపించడానికి బిలామును పిలిపించారు. మరి రూతు ఎలా చేరింది? దావీదు రాజరికం మీదే ఈ గొడవ వచ్చిందని తల్మూద్ కథ. దోయేగు అనేవాడు అప్పటి రాజు సౌలు ముందు, వీడు రాజవుతాడా లేదా అని కాదు, మోయాబు రూతు వంశంవాడు అసలు సమాజంలో ఉండొచ్చా అని అడుగు అంటాడు. నిషేధం మోయాబు మగవాళ్ళకే, ఆడవాళ్ళకి కాదు అన్నది జవాబు, ఎందుకంటే దారినపోయేవాళ్ళకి తిండి తీసుకుని ఎదురువెళ్ళడం ఆ రోజుల్లో ఆడవాళ్ళ పని కాదు. ఒకాయన కత్తి కట్టుకుని వచ్చి, ఇది సమూయేలు ప్రవక్త సభ నుంచి నేను విన్న తీర్పు, కాదన్నవాణ్ణి పొడుస్తానన్నాక గానీ వాదన ఆగలేదట. లాయర్ల వాదనలా ఉందని నేను నవ్వితే సవ్తా కోప్పడలేదు. "ఆ జనాన్ని బయట పెట్టింది రొట్టె ఇవ్వనందుకు. ఈ పిల్ల వీధిలో అడుగుపెట్టిన వారంలో అత్తకి గింజలు మోసుకొచ్చింది. ఇక ఏ చట్టం అడ్డు పెడతావు?" అంది.

చేరినవాళ్ళతో ఎలా ఉండాలన్నది కూడా గట్టిగానే చెప్తారు. మతంలో చేరినవాళ్ళ పిల్లలతో కూడా మీ పెద్దలు ఏం చేసేవాళ్ళో గుర్తుచేసుకో అనకూడదని మిష్నా. పరదేశిని బాధపెట్టొద్దని తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, 36 చోట్ల, కొందరి లెక్కలో 46 చోట్ల హెచ్చరించిందని తల్మూద్. ఇది పుస్తకాల్లోనే ఉందా అంటే, నేను చూసినది చెప్తాను. ఒక షవుఓత్ మధ్యాహ్నం పైఅంతస్తు ఆవిడ భోజనానికొచ్చింది. వేరే దేశంలో పుట్టి, చదువుకుని, రబ్బీల సభ ముందు నిలబడి చేరిన మనిషి. ఇంకో చుట్టం మర్యాదగానే, నవ్వుతూనే, "మీ అసలు పేరేంటి? మీ అమ్మావాళ్ళు పండగలకి ఏం చేసేవాళ్ళు?" అని మొదలుపెట్టింది. సవ్తా ప్లేటు మీద చెంచాతో ఒకసారి తట్టి "సలాడ్ ఇటు అందించు" అంది. ఆ చుట్టానికి అర్థమైంది, మాట మార్చేసింది. అలాగని అందరూ సవ్తాలే ఉంటారనుకోకండి. చర్మం రంగు చూసి, యాస చూసి ఆరా తీసేవాళ్ళు అక్కడా ఉన్నారు.

నిజానికి పుస్తకం కూడా ఆమెని "మోయాబీయురాలైన రూతు" అని ఐదుసార్లు అంటుంది. చివరిసారి అన్నది బోయజే, ఊరి గుమ్మం దగ్గర పెద్దలందరి ముందు, ఈమెనే చేసుకుంటున్నానని చెబుతూ. ఆ తర్వాత పెళ్ళి వచనం నుంచి ఉత్త రూతే.

ఓర్పా విషయంలో మాత్రం నేను రబ్బీలతో ఏకీభవించలేను. ఆమెని దావీదు శత్రువు గొల్యాతు వంశానికి తల్లిని చేశారు. పాపం, అత్త వెళ్ళమంటే వెళ్ళింది, ఏడ్చి ముద్దుపెట్టుకుని మరీ వెళ్ళింది. పుస్తకంలో ఒక్క నిందమాట లేదు. ఆమె చేయాల్సింది చేసింది, రూతు అంతకు మించి చేసింది, అంతే కదా.

ఇప్పటికీ ఇలాగే ఉందా అంటే, పద్ధతి అదే: ముగ్గురి సభ, ఆజ్ఞలు ఒప్పుకోవడం, మగవాళ్ళకి సున్నతి, అందరికీ మిక్వే అనే కొలనులో మునక. చేరినవాళ్ళని అబ్రాహాము కొడుకు, కూతురు అని పిలుస్తారు, రూతు అని పేరు పెట్టుకునే ఆడవాళ్ళు చాలామంది. కానీ ఆర్థడాక్స్ సభలు సంవత్సరాలు తిప్పుతాయి. ఎవరి సభ చేర్చుకుంటే ఎవరు ఒప్పుకుంటారన్న గొడవ వేరే. మనవైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు కుటుంబాలున్నాయి, తాము ఎఫ్రాయిము గోత్రంవాళ్ళమని చెప్తూ యూదు ఆచారాలు పాటిస్తారు. వాళ్ళకి ఈ ప్రశ్న పుస్తకంలోది కాదు.

మీరు అడగని ఒక చిక్కు కూడా ఉంది: రూతు అసలు ఎప్పుడు మారింది? ఆమె మొదటి భర్త, నయోమి కొడుకు మహ్లోను ఆమెని మార్చకుండా పెళ్ళాడి ఉండడని ఇబ్న్ ఎజ్రా అనే మధ్యయుగపు పండితుడి వ్యాఖ్యానం. కొడుకులు ఆ పిల్లల్ని మతంలో చేర్చనేలేదని మిద్రాష్‌లో రబ్బీ మేయిర్ పేరున ఉంది. మొదటిది నిజమైతే నయోమి కోడలితో "నీ తోడికోడలిలా తన దేవుళ్ళ దగ్గరికి నువ్వూ పో" అనడం ఘోరం. రెండోది నిజమైతే ఆ పెళ్ళే చెల్లదు, మరి బోయజు చనిపోయినవాడి బంధువుగా బాధ్యత తీసుకుని చేసుకున్నది ఎవరి భార్యని? సవ్తా రబ్బీ మేయిర్ పక్షం, ఆవిడ కొడుకు ఇబ్న్ ఎజ్రా పక్షం, ప్రతి షవుఓత్‌కీ వాదించుకునేవాళ్ళు. నేను సవ్తా వైపే. దారి మధ్యలో అన్న ఆ మాటలకి అప్పుడే బరువుంటుంది.