పాయింట్ 22 పిస్టల్ కొనబోయే అమ్మాయికి

చి. సౌమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఎయిర్ పిస్టల్ నుంచి, అసలు తూటాలు కాల్చే 25 మీటర్ల పాయింట్ 22 పిస్టల్ పోటీకి మారుతున్నానని, పార్దీని, వాల్తర్ కంపెనీల్లో ఏ పిస్టల్ కొనాలో చెప్పమని రాశావు. రెండూ మంచివే. మోరీని, ఫైన్‌వెర్క్‌బావ్ కూడా ఒలింపిక్ స్థాయి సరుకే. అందుకని పేరు దగ్గరే ఆగిపోయి బుర్ర పాడుచేసుకోకు. సెమీ ఆటోమేటిక్, అంటే ఒకటి పేలగానే తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే పిస్టల్, నమ్మకంగా పేలాలంటే దానితో పాటు తూటా, తూటాలు నింపే మ్యాగజైన్, స్ప్రింగ్ మూడూ ఒకదానికొకటి కుదరాలి. ఏ పిస్టల్‌కి ఆ మూడూ నీకు అందుబాటులో ఉంటాయో అదే నీ పిస్టల్.

ఎయిర్ పిస్టల్‌లో ఒక్కో పెల్లెట్ నువ్వే పెట్టుకుంటావు కాబట్టి ఈ బెడద తెలియదు. ఇక్కడ ఒక తూటా పేలగానే దాని ఖాళీ కేసు, అంటే గుండు పోయాక మిగిలిన గొట్టం, వెనక మూసి ఉన్న బోల్టును వెనక్కి తన్నాలి, ఎక్స్‌ట్రాక్టర్ ఆ కేసును పట్టి లాగాలి, ఎజెక్టర్ బయటికి విసరాలి, స్ప్రింగు బోల్టును ముందుకు తోస్తూ తర్వాతి తూటాను బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే ఛాంబర్‌లోకి ఎక్కించాలి. 40 గ్రెయిన్ల గుండు, అంటే 2.6 గ్రాములు, దాన్ని నడిపే చిటికెడు మందు. ఇంత పనికీ శక్తి అందులోంచే రావాలి. పోటీలో ర్యాపిడ్ అనే వేగపు భాగంలో టార్గెట్ నీకు కనిపించేది 3 సెకన్లు, మాయమయ్యేది 7 సెకన్లు. అలా అయిదుసార్లు. మధ్యలో ఒకటి ఇరుక్కుందంటే ఏకాగ్రత కూడా దానితోనే పోతుంది.

ముందు పోటీ నిబంధనల కొలతలు చూసుకో. పిస్టల్ 300, 150, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. మ్యాగజైన్‌తో కలిపి బరువు 1400 గ్రాములు దాటకూడదు. బ్యారెల్ 153 మిల్లీమీటర్లకు మించరాదు, గురి చూసే ముందు, వెనక సైట్ల మధ్య దూరం 220కి మించరాదు, ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు మోయాలి. చవగ్గా వస్తోందని ఎవరైనా స్మిత్ అండ్ వెసన్ 41 చూపిస్తే బ్యారెల్ కొలిపించు. అయిదున్నర అంగుళాలదైతే సరిపోతుంది, ఏడు అంగుళాలది మ్యాచ్‌కు ముందు పిస్టల్ కొలిచే చెకింగ్ టేబుల్ దగ్గరే ఆగిపోతుంది. రూగర్ మార్క్ 4కూ ఇదే లెక్క. ఇవి గట్టి పిస్టళ్లే. అయితే వీటిలో మ్యాగజైన్ పిడిలోంచి, అంటే గ్రిప్‌లోంచి, వెళ్తుంది కాబట్టి దాని వంపును చేతికి తగ్గట్టు పెద్దగా మార్చడం కుదరదు. పార్దీని ఎస్‌పీ, మోరీని లాంటి వాటిలో మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు ముందు ఉంటుంది. పిడిలో ఏమీ లేదు గనుక చెక్కను చేతికి తగ్గట్టు ఎంతైనా చెక్కుకోవచ్చు, బ్యారెల్ కూడా చేతికి దగ్గరగా కిందికి వచ్చి కుదుపు తక్కువ.

అన్నిటికంటే గ్రిప్‌కే ఎక్కువ టైం పెట్టు. స్మాల్, మీడియం, లార్జ్ అని రాసి ఉన్నదాన్ని నమ్మి ఆర్డర్ పెట్టేయకు. పిస్టల్ పట్టుకో, కళ్లు మూసుకుని చెయ్యి టార్గెట్ ఎత్తుకు లేపు, కళ్లు తెరువు. ముందు సైటు, వెనక సైటు గాడి మధ్యలో కనబడాలి. ఎప్పుడూ ఒకే పక్కకు జరిగి కనబడుతుంటే గ్రిప్ నీది కాదు, మణికట్టుతో సర్దుకుందామనుకుంటే ర్యాపిడ్‌లో దొరికిపోతావు. చూపుడువేలు మొదటి కణుపు మెత్తటి భాగం మధ్యలో ట్రిగ్గర్ ఆనాలి, వేలు పక్కన చెక్కకు తగలకూడదు. అరచేతి కింది పలక నొక్కేయకూడదు, ఊరికే ఆసరాగా ఉండాలి. తేడా కొంచెమే అయితే కలప పుట్టీ, గరుకు కాగితం చాలు. ఒక్కటి గుర్తుంచుకో, గ్రిప్‌లో ఏ భాగమూ చేతిని చుట్టేయకూడదని నిబంధన.

ట్రిగ్గర్ రెండు దశలది, అంటే కొంత నొక్కాక ఒకచోట ఆగి, ఇంకాస్త నొక్కితే పేలేది, తీసుకో. ఎక్కువ బరువు మొదటి దశలో పెట్టి, రెండోదానికి 250, 300 గ్రాములు మిగిల్చితే చాలామందికి హాయిగా ఉంటుంది. మొత్తం మాత్రం సరిగ్గా 1000 దగ్గర ఆపకు. 1030, 1050 మీద ఉంచు. బ్యారెల్‌ను నిట్టనిలువుగా పట్టుకుని తూకపు గుండును ట్రిగ్గర్‌తో లేపిస్తారు, దానికి మూడు ప్రయత్నాలే. కాస్త మట్టి చేరినా, స్క్రూ కాస్త వదులైనా పది గ్రాములు తగ్గడానికి ఎంతసేపు?

ఇక తూటాలు. స్టాండర్డ్ వెలాసిటీవే వాడు, సెకనుకు సుమారు 320, 330 మీటర్లవి. హై వెలాసిటీ తూటాలు మ్యాచ్ పిస్టల్ బోల్టును, దాని దెబ్బ తట్టుకునే బఫర్‌ను కొట్టి కొట్టి పాడుచేస్తాయి, గురి కూడా చెదురుతుంది. ఎలీ, ఎస్‌కే, ఆర్‌డబ్ల్యూఎస్, సీసీఐ కంపెనీల తూటాల్లో ఏవి నికరంగా దొరుకుతాయో ముందు కనుక్కుని, వాటితోనే పిస్టల్‌ను పరీక్షించు. ఒక కంపెనీ తూటాలే అయినా లాట్, అంటే ఒక విడతలో తయారైన సరుకు, మారితే ప్రవర్తన మారుతుంది. కుదిరిన లాట్ నంబరు రాసుకుని మ్యాచ్‌లకు సరిపడా అదే తీసి పెట్టుకో. మే నెలలో హైదరాబాద్ ఎండకు కారులో డబ్బా వదిలేశావంటే గుండు మీది మైనం కరిగి కిందికి దిగుతుంది, తర్వాత ఛాంబర్ జిగటపడి తూటా పూర్తిగా లోపలికి దిగదు.

పరీక్ష ఇలా చెయ్యి. మ్యాగజైన్ల అడుగున మార్కర్‌తో 1, 2, 3 అని రాయి. నింపేటప్పుడు ప్రతి తూటా అంచు దాని కింది తూటా అంచుకు ముందు ఉండేలా చూడు. వెనకబడితే రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, తప్పు పిస్టల్‌ది అనుకుంటావు. అయిదేసి చొప్పున, మధ్యలో శుభ్రం చేయకుండా, 300 రౌండ్లు కాల్చు. ఆగిన ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఎలా ఆగింది అని రాయి. 2వ నంబరు మ్యాగజైన్‌తోనే పదేపదే ఆగితే దాని పెదాలు, అంటే తూటాను పట్టి ఉంచే పై అంచులు, వంగి ఉంటాయి. ఎప్పుడూ చివరి తూటాయే ఎక్కకపోతే మ్యాగజైన్ స్ప్రింగు నీరసించింది. ఖాళీ కేసు బోల్టుకూ బ్యారెల్‌కూ మధ్య నిలువుగా ఇరుక్కుంటే మూడు అనుమానాలు: తూటా బలహీనం, బోల్టును ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగు దానికి మరీ గట్టిది, లేదా ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అరిగింది. కొన్ని పిస్టళ్లలో పట్టు మరీ వదులైనా ఇదే జరుగుతుంది, ఎయిర్ పిస్టల్ అలవాటుతో వచ్చేవాళ్లు దీన్ని చూసుకోవాలి.

తూటా అంచును కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను కొట్టినా పేలకపోతే వెంటనే తెరవకు. టార్గెట్ వైపే పట్టుకుని 30 సెకన్లు ఆగు, ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. తర్వాత తీసి అంచు మీది నొక్కు చూడు. లోతుగా, స్పష్టంగా పడీ పేలలేదంటే ఆ అంచులో మందు సరిగా పరుచుకోలేదు, అది తూటా లోపం. లేతగా పడితే ఫైరింగ్ పిన్ అరిగింది, దాని స్ప్రింగు అలిసిపోయింది, లేదా మురికి వల్ల బోల్టు పూర్తిగా మూసుకోలేదు. ‘టప్’మని నీరసంగా పేలితే మాత్రం ఇంకొకటి కాల్చనే వద్దు. గుండు బ్యారెల్‌లోనే ఉండిపోయిందేమో ఖాళీ చేసి చూసుకో.

మ్యాచ్‌లో ఆగిపోతే నీ చేతులే నీకు శత్రువులు. పిస్టల్ టార్గెట్ వైపే ఉంచి, ఖాళీ చెయ్యి పైకెత్తు. అధికారి చూడకముందే బోల్టు ముట్టుకున్నా, సేఫ్టీ తీయడం మరిచినా, అయిదుకు బదులు నాలుగే నింపినా, ట్రిగ్గర్‌ను పూర్తిగా వదలకుండా మళ్లీ నొక్కినా అది నీ తప్పు కింద రాస్తారు, ఆ అయిదు తూటాల సిరీస్‌లో పేలనివన్నీ సున్నాలే.

గురి పరీక్షకు పిస్టల్‌ను ఆసరా మీద పెట్టి 25 మీటర్ల నుంచి అయిదు కాల్చు. నింపాదిగా కాల్చే ప్రెసిషన్ భాగం టార్గెట్‌లో పది వలయం 50 మిల్లీమీటర్లు. నీ అయిదూ దాని సగంలోపు పడితే బ్యారెల్ మీద అనుమానం వదిలెయ్.

సెకండ్ హ్యాండ్ అంటే భయపడకు, మంచి మ్యాచ్ పిస్టల్ తూటాల్ని వేలకు వేలు తట్టుకుంటుంది. కాకపోతే లైటు వేసి ఛాంబర్ అంచు చూడు, పిన్ను తగిలేచోట చిన్న నొక్కు ఉందేమో. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి నొక్కి వాడితే పిన్ను నేరుగా ఆ అంచుకే తగిలి గుంట పడుతుంది, తూటా తిన్నగా కూర్చోదు. ఇంట్లో ఖాళీగా సాధన చేసే వీలు ఆ మోడల్‌కు ఉందో లేదో మాన్యువల్‌లో చూశాకే చెయ్యి. బోల్టు మీద సన్నటి పగుళ్లు, బ్యారెల్ మూతి అంచు మీద గీతలు, ఎన్ని మ్యాగజైన్లు ఇస్తున్నారు, బఫర్ ఎప్పుడు మార్చారు, ఇవన్నీ అడుగు. సమాధానం తడబడితే ధర తగ్గించమని కాదు, వేరే పిస్టల్ చూడాలి.

లైసెన్సు పని బేరం కంటే ముందు. ఎయిర్ పిస్టల్ లాగా దుకాణంలో కొనేసి తెచ్చుకోవడం కాదిది. 1959 ఆయుధాల చట్టం, 2016 నియమాల ప్రకారం లైసెన్సులో నీ పిస్టల్ నంబరు ఎక్కాలి, తూటాల కొనుగోలు కూడా అందులోనే నమోదవుతుంది. అర్జీ హైదరాబాద్‌లో అయితే పోలీసు కమిషనర్ కార్యాలయంలో, కమిషనరేట్ లేని జిల్లాల్లో కలెక్టరేట్‌లో పెట్టుకోవాలి. షూటర్లకు వేరే సదుపాయాలున్నాయి, వాటికి రైఫిల్ సంఘం కాగితాలు, స్కోర్లు కావాలి. అవి చేతికొచ్చేలోపు గచ్చిబౌలి రేంజ్‌లో గానీ, ఇంకెక్కడైనా గానీ క్లబ్బు పిస్టల్ మీద ఒక సీజన్ గడుపు. నీ చేతికి ఏం కావాలో అప్పుడు తెలుస్తుంది.

కొనేటప్పుడే విడిభాగాలు తెప్పించుకో: రెండు రికాయిల్ స్ప్రింగులు, ఒక ఫైరింగ్ పిన్, ఒక ఎక్స్‌ట్రాక్టర్, బఫర్లు, కనీసం నాలుగు మ్యాగజైన్లు. విదేశీ పిస్టల్‌కు చిన్న స్ప్రింగు కోసం నెలలు ఆగాల్సి వస్తుంది. మీ రేంజ్‌లో నలుగురి దగ్గర ఏ మోడల్ ఉందో, దాన్ని విప్పి బిగించగల మనిషి ఎవరో చూసి అదే కొనమనేది కూడా ఇందుకే.

శుభ్రం సంగతి చిన్నదే. ప్రతి సాధన తర్వాత పాత టూత్‌బ్రష్‌తో బోల్టు ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ కింది మసి తీసెయ్. బ్యారెల్‌ను ఛాంబర్ వైపు నుంచి ఫెల్ట్‌తో, అంటే మెత్తటి ఉన్ని ముక్కతో, లాగు, రోజూ అక్కర్లేదు. నూనె బోల్టు జారే పట్టాల మీద ఒక చుక్కే, ఎక్కువైతే మసి పట్టి బురదవుతుంది. విశాఖలో మ్యాచ్ ఉంటే సముద్రపు గాలికి ఆ రాత్రే తుడిచి పెట్టు.

నీ చేతి కొలత పంపు, మధ్యవేలి కొస నుంచి మణికట్టు ముడత దాకా. గ్రిప్ సైజు చూసి చెప్తాను.

మీ పెదనాన్న