సమాధానం: 1995, 96లో పుట్టినవాళ్లు మిలీనియల్సా, జెన్ జీనా?

మీ సర్వేలో మీది ఏ తరమని అడిగితే 1995, 96లో పుట్టినవాళ్లు కొందరు "మిలీనియల్" అని, కొందరు దాని తర్వాతి తరమైన "జెన్ జీ" అని టిక్ పెట్టారన్నారు. తప్పు వాళ్లది కాదండీ, ప్రశ్నలోనే ఉంది. అమెరికాలోని పరిశోధన సంస్థ ప్యూ రిసెర్చ్ సెంటర్ లెక్కలో మిలీనియల్స్ 1981 నుంచి 1996 దాకా. ఆస్ట్రేలియాలోని పరిశోధన సంస్థ మెక్‌క్రిండిల్ లెక్కలో జెన్ జీ 1995లోనే మొదలవుతుంది. అంటే ఆ రెండు సంవత్సరాల్లో పుట్టినవాళ్లు ఎటు టిక్ పెట్టినా సరైనదే.

తరం పేరు తీసేసి, పుట్టిన సంవత్సరం నాలుగంకెల్లో రాయించండి. వయసు అడిగితే చాలదు. ఈ ఏడాది పుట్టినరోజు దాటిందో లేదో తెలియక ఒక సంవత్సరం అటూ ఇటూ అవుతుంది, సరిగ్గా ఈ అంచు దగ్గరే అది కొంప ముంచుతుంది. తర్వాత మిలీనియల్స్‌ను 1994తో ముగించి ఒకసారి, 1996తో ముగించి ఒకసారి విడగొట్టి లెక్క కట్టండి. రెండింట్లో ఫలితం తారుమారైతే దాన్ని తరాల తేడాగా రాయొద్దు. ఇప్పటికే వచ్చిన జవాబులు మాత్రం పారేయకండి, ఎవరు తమను ఏ తరంగా చెప్పుకుంటున్నారో చూడటానికి పనికొస్తాయి.