అమ్మకి మాట పోయింది సరే, మీకేమైంది?

ప్రశ్న: అమ్మకి 74 ఏళ్లు. పక్షవాతంతో కుడి చెయ్యి, మాట పడిపోయాయి. అన్నయ్య హైదరాబాద్‌లో ఒక వృద్ధాశ్రమంలో చేర్చాడు. నేను డాలస్‌లో ఉంటాను. వీడియో కాల్‌లో ఎలా ఉన్నావు, ఏం తిన్నావు, మందులు వేశారా అని ఎన్ని అడిగినా అమ్మ మొహం తిప్పేసుకుంటుంది. ఆయాలకి తెలుగు రాదు. మేనేజర్‌ని అడిగితే 'మీ అన్నగారిని కనుక్కోండి మేడం' అంటాడు. డబ్బు కట్టేది అన్నయ్య కాబట్టి నాకు విలువ లేదు. ఆశ్రమం మార్చేద్దామా?

జవాబు: ఆ మాట నన్నడిగారు. అన్నయ్యని అడగలేదు, అమ్మని అసలే అడగలేదు. ఇంకో ఆశ్రమానికి మార్చినా ఫారంలో ఉండేది అన్నయ్య నంబరే, వాళ్లూ ఇదే జవాబు చెబుతారు. మేనేజర్ మీద ఇంత కోపం రాశారు గానీ, అన్నయ్యతో మాట్లాడి ఎన్నాళ్లయిందో రాయలేదు.

ముందు ఆయనకి ఫోన్ చేయండి. పాత లెక్కలు, వదిన అన్న మాటలు ఎత్తకుండా, "నెల ఖర్చులో నా వాటా పంపుతాను, ఫారంలో నా నంబరు కూడా రాయించు" అనండి. తల్లి బాగోగులు తెలుసుకునే హక్కు కూతురికి డబ్బుతో రాదు, నిజమే. కానీ బరువంతా ఒక్కడి మీద వదిలేసి హక్కు అడిగితే ఏ అన్నకైనా మండుతుంది. తల్లిదండ్రుల పోషణ మీద 2007లో వచ్చిన చట్టం కూడా కొడుకని, కూతురని తేడా చూపలేదు.

ఇక అమ్మ మొహం తిప్పుకోవడం. పక్షవాతంలో ఇలా మాట పోవడాన్ని అఫేషియా అంటారు. చాలామందికి నోట మాట రాదు గానీ, ఎదుటివాళ్లు అనేది ఎంతో కొంత అర్థమవుతూనే ఉంటుంది. అలాంటి మనిషిని గుక్క తిప్పుకోకుండా అన్ని ప్రశ్నలు అడిగితే ఏం చేస్తుంది? "ఇడ్లీ తిన్నావా?" లాంటిది ఒక్కటి, తల ఊపితే సరిపోయేది, అడిగి ఆగండి. ఆగడమే కష్టం, తెలుసు. సాయంత్రానికి అలసిపోతారు కాబట్టి అక్కడి పొద్దుటిపూట చేయండి. మాట రాని కొందరికి పాట వస్తుంది. ఆవిడకి తెలిసిన మంగళహారతి ఏదైనా మీరే ఎత్తుకోండి.

నీళ్లు, బాత్రూం, నొప్పి, చలి బొమ్మలున్న అట్ట ఒకటి మంచం దగ్గర పెట్టిస్తే ఆయాలకి తెలుగు రాకపోయినా అమ్మ వేలు పెట్టి చూపిస్తుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మాట, వినికిడి సమస్యలు చూస్తారు. ఆవిడని అక్కడికి తీసుకెళ్లాల్సింది అన్నయ్యే. అందుకే ముందు ఆ ఫోన్ చేయమంటున్నాను.